స్వరానికి ఊయల

వేసవి సెలవులకి వచ్చిన మా మనవడు ఈసారి బట్టల సంచీతో పాటు ఒక చిన్న వాద్యం కూడా పట్టుకొచ్చాడు. 37 బుల్లి మీటలు, ఎడమ పక్క రెండు చక్రాలు, పైన ఐదు నాబ్‌లు. పేరు మైక్రోకోర్గ్. జపాన్‌లోని కోర్గ్ కంపెనీ 2002లో తెచ్చిన సింథసైజర్ అది. ఎవరో వాడిన దాన్నే చవగ్గా కొనుక్కున్నాడట. మీటలున్న పెట్టె కనబడితే చాలు, మనవైపు 'క్యాసియో' అనేస్తాం. మా పక్కింటివాళ్లూ అలాగే అన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. పెళ్లిళ్లలో వాయించే మామూలు కీబోర్డులో పియానో, వేణువు, వయొలిన్ శబ్దాలు ముందే వండి పెట్టి ఉంటాయి. వడ్డించుకోవడమే మన పని. సింథసైజర్‌లో పొయ్యి, గిన్నె, ఉప్పు, కారం ఉంటాయి. వంట మనమే చేసుకోవాలి.

మొదటి రోజు సాయంత్రం వాడు ఒక మీట నొక్కి అలాగే పట్టుకున్నాడు. 'కూ...' అని, స్కేలు పెట్టి గీత గీసినట్టు ఒకటే శబ్దం. వంటింట్లోంచి వాళ్ల అమ్మమ్మ బయటికొచ్చి, "శ్రుతి బాగానే ఉందిరా నాన్నా, కానీ ఆ స్వరం ఊపిరి తీసుకోవడం లేదు" అంది. ఆవిడ చిన్నప్పుడు ఏడేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషి. వాడు నవ్వి, రెండో చక్రాన్ని వేలితో మెల్లిగా పైకి తోశాడు. అదే స్వరం సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఇంకాస్త తోస్తే వణుకు పెరిగింది.

"ఇప్పుడో అమ్మమ్మా?"

"ఇప్పుడు ప్రాణం వచ్చింది."

ఆ చక్రం ఏం చేసింది? ఆ రాత్రి డాబా మీద చాపలు వేసుకుని వాడూ నేనూ చెప్పుకున్న కబుర్లే ఇవి.

శబ్దమంటే గాలి ముందుకీ వెనక్కీ ఊగడం. సెకనుకి 440 సార్లు ఊగితే పాశ్చాత్యులు 'ఎ' అని పిలిచే స్వరం వినిపిస్తుంది. సింథసైజర్‌లో ఈ ఊపు పుట్టించే భాగం పేరు ఆసిలేటర్. ఏ మీట నొక్కితే ఆ వేగంతో ఊగుతుంది. ఇంతవరకూ వింతేమీ లేదు. అయితే లోపల ఇంకో రకం ఆసిలేటర్ కూడా ఉంది. అది సెకనుకి ఐదారు సార్లు మాత్రమే ఊగుతుంది. సెకనుకి 20 కన్నా తక్కువ ఊపుల్ని మన చెవి స్వరంగా పట్టుకోలేదు కాబట్టి, దాన్ని మనం ఎప్పటికీ వినం. వినబడని దానితో పనేమిటంటే, వినబడేదాన్ని ఊపడం. వాద్యకారులు దాన్ని ఎల్‌ఎఫ్‌ఓ అంటారు, నెమ్మదిగా ఊగే ఆసిలేటర్ అని.

చీర కట్టిన ఊయలలో పాపని పడుకోబెట్టి తాడు లాగే చెయ్యిని తలుచుకోండి. పాప మన స్వరం. తాడు లాగే చెయ్యి ఎల్‌ఎఫ్‌ఓ. ఎంత బారుగా లాగాలో చెప్పేది ఆ రెండో చక్రం. ఇలా ఒకదానిచేత ఇంకొకదాన్ని ఊపించడాన్నే మాడ్యులేషన్ అంటారు.

ఈ ఊపించే విద్యకి దారి చూపినవాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ మోగ్. మన భాషలో మోగడానికే పుట్టినట్టుంది కదూ ఆ పేరు! అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో ఉండేవాడు. హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతకారుడితో కలిసి 1964లో ఆయన తన తొలి సింథసైజర్‌కి రూపం ఇచ్చాడు. ఆసిలేటర్లు అంతకుముందూ ఉన్నాయి. చాలావాటి వేగం మార్చాలంటే నాబ్ పట్టుకుని చేత్తో తిప్పాల్సి వచ్చేది. మోగ్ ఆ వేగాన్ని వోల్టేజీ చేతికి అప్పగించాడు. ఒక్క వోల్టు పెరిగితే వేగం రెట్టింపవుతుంది, అంటే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తుంది. మంద్రం నుంచి మధ్యకి ఒక వోల్టు, మధ్య నుంచి తారానికి ఇంకో వోల్టు. స్థాయిలో 12 మెట్లున్నాయి కాబట్టి మెట్టుకి సుమారు 83 మిల్లీవోల్టులు.

ఇక్కడే అసలు గొప్పతనం ఉంది. ఆసిలేటర్‌కి వోల్టేజీ అందుతుందే గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మీట పంపిందా, చక్రం పంపిందా, మరో ఆసిలేటర్ పంపిందా అని అడగదు. కొళాయి కింద బిందె పెట్టినవాళ్లు నీళ్లు ఏ ట్యాంకువని అడగరు కదా. మీట పంపిన వోల్టేజీకి పది, ఇరవై మిల్లీవోల్టుల నెమ్మది ఊపు ఒకటి కలిపితే చాలు, స్వరం వణుకుతుంది. మా వాడి వాద్యంలో అంతా అంకెల లెక్కే గానీ నిజం వోల్టేజీలు లేవు. ఆలోచన మాత్రం మోగ్‌దే.

"తాతయ్యా, మాన్యువల్‌లో ఇదంతా పెద్ద పట్టికలా ఉంది, నాకు బుర్రకెక్కలేదు" అన్నాడు వాడు. పట్టిక పక్కన పెట్టెయ్యమన్నాను. మూడే ప్రశ్నలు వేసుకోమన్నాను. ఊపేది ఎవరు? ఊగేది ఏది? ఎంత? తెలుగు వాచకంలో కర్త, కర్మ చదివినవాడికి ఇది కష్టం కాదు. మైక్రోకోర్గ్‌లో వర్చువల్ ప్యాచ్ అనే పేరుతో ఇలాంటి వాక్యాలు నాలుగు రాసుకోవచ్చు. కర్తగా ఎల్‌ఎఫ్‌ఓని పెట్టొచ్చు, చక్రాన్ని పెట్టొచ్చు, మీటని ఎంత గట్టిగా కొట్టామన్నదాన్ని పెట్టొచ్చు. కర్మగా శ్రుతి, గట్టితనం, పై కంపనాల్ని ఆపే ఫిల్టర్, చివరికి లోపలే ఉన్న రెండో ఎల్‌ఎఫ్‌ఓ వేగం కూడా పనికొస్తుంది. ఊయల ఊపే చేతినే ఇంకో చెయ్యి తొందరపెడుతోందన్నమాట.

ఏది ఊగుతుందన్నదాన్ని బట్టి చెవికి కలిగే అనుభవం మారిపోతుంది. దీనికి సింథసైజర్ కొనక్కర్లేదు. తిరిగే టేబుల్ ఫ్యాన్ ముందు కూచుని 'ఆ...' అనని పిల్లలు ఉన్నారా? రెక్కలు మన గొంతుని ముక్కలు ముక్కలుగా కోసి వెనక్కి పంపుతాయి. అక్కడ ఊగుతున్నది గట్టితనం. దాని పేరు ట్రెమోలో. ఇప్పుడు 'ఆ...' అంటూనే నోటిమీద అరచెయ్యి పెట్టి తీస్తూ ఉండండి. 'వా వా వా' అని వస్తుంది. చెయ్యి మూసినప్పుడు పై కంపనాలు ఆగిపోయి శబ్దం గుడ్డిదవుతుంది, తీసినప్పుడు తెరుచుకుంటుంది. ఫిల్టర్‌ని ఎల్‌ఎఫ్‌ఓతో ఊపితే జరిగేది ఇదే. ఇక ఊగేది శ్రుతి అయితే దాన్ని వైబ్రాటో అంటారు. మన గమకాల్లో కంపితం దానికి దగ్గర చుట్టం.

మొదటి చక్రం సంగతి చెప్పలేదు కదూ. అది శ్రుతిని నేరుగా పైకో కిందకో జారుస్తుంది. దానికి లోపల స్ప్రింగు ఉంటుంది, వేలు తీస్తే తటాలున మధ్యకి వచ్చేస్తుంది. రెండో దానికి ఆ స్ప్రింగు లేదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. తయారుచేసినవాళ్లు ఆలోచించే అలా పెట్టారు. జారు పలికాక శ్రుతికి తూచినట్టు తిరిగి రావాలి, లేకపోతే తర్వాతి స్వరాలన్నీ అపశ్రుతే. వణుకు కాసేపు అలాగే నిలిచినా నష్టం లేదు.

మీటల వాద్యం మీద మన సంగీతజ్ఞుల పాత ఫిర్యాదు ఈ జారు గురించే. ఆకాశవాణి 1940లో హార్మోనియంని తన స్టూడియోల్లోంచి బయటికి పంపింది. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న దారిలో హార్మోనియం నడవలేదన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. ఆ దారిని కొంతవరకూ తెరిచినవి ఈ చక్రాలే. కొంతవరకే అంటున్నాను, ఎందుకంటే మా ఇంటావిడ తీర్పు అదే. యంత్రం కంపితం లోలకంలా ఒకే తీరున ఊగుతుంది. గొంతులో కంపితం స్వరాన్ని కాసేపు నిటారుగా నిలబెట్టి, తర్వాత మెల్లిగా మొదలై, రాగాన్ని బట్టి వెడల్పు మార్చుకుంటుంది.

ఆవిడ మాట విన్నాక మనవడికి ఒక పద్ధతి చెప్పాను. మీట నొక్కగానే రెండో చక్రం తొయ్యకు. స్వరాన్ని అర సెకను కదలకుండా నిలబడనియ్యి. తర్వాత బొటనవేలితో నెమ్మదిగా పైకి, స్వరం అయిపోయే ముందు మళ్లీ కిందకి. పావుగంట సాధన చేశాడు. తేడా డాబా కింద కూచున్నవాళ్లక్కూడా తెలిసింది.

ఇప్పుడు వేగం కథ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మా చిన్నప్పుడు సైకిలు వెనక చక్రం చువ్వలకి తగిలేలా ఒక అట్టముక్క బిగించేవాళ్లం. నెమ్మదిగా తొక్కితే 'టక్... టక్... టక్' మని ఒక్కో దెబ్బా విడిగా వినబడేది. వేగం అందుకున్నాక దెబ్బలన్నీ కరిగిపోయి 'ఝుం' అని ఒకే శబ్దం, మోటారు సైకిలు నడుపుతున్నంత గర్వం. అట్ట అదే, చువ్వలూ అవే. సెకనుకి పది దెబ్బలు దాటి, ఇరవై దాటేసరికి చెవి లెక్కపెట్టడం మానేసి, దాన్ని స్వరంగా వినడం మొదలుపెట్టింది. తాళానికీ శ్రుతికీ మధ్య గోడ లేదు, గడపే ఉంది అని ఆ అట్టముక్క మాకు చెప్పింది. మేం వినిపించుకోలేదు.

అలాంటి గడపనే 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు దాటాడు. కంప్యూటర్‌లో వైబ్రాటో చేస్తూ, ఎల్‌ఎఫ్‌ఓ వేగాన్ని పెంచుకుంటూ పోయాడు. సెకనుకి ఆరు ఉన్నప్పుడు వణుకులా ఉంది. వందల్లోకి వెళ్లేసరికి వణుకు మాయమై, స్వరం రంగే మారిపోయింది. గంటలా, లోహంలా, ఎన్నడూ వినని వాద్యంలా మోగింది. ఒక ఆసిలేటర్‌ని మరో ఆసిలేటర్ అంత వేగంగా ఊపితే, స్వరం పక్కన కొత్త కంపనాలు పుట్టుకొస్తాయి. ఎఫ్‌ఎం అని పిలిచే ఈ పద్ధతిని యమహా కంపెనీ అందిపుచ్చుకుని 1983లో డీఎక్స్7 అనే సింథసైజర్ తెచ్చింది. 1980లలో ప్రపంచమంతా సినిమా పాటల్లో వినిపించిన ఆ గాజు గంటల్లాంటి శబ్దాలకి ఊయల ఊపడమే మూలం.

ఇక మా వాడి వాద్యంలోని ఇంకో ఏర్పాటు, ఆర్పెజియేటర్. మాట ఇటాలియన్ 'ఆర్పా' నుంచి వచ్చింది, అంటే హార్ప్. ఆ వాద్యంలో తీగల్ని ఒక్కసారిగా కాకుండా ఒకదాని వెంట ఒకటి మీటుతారు. మన తంబురా చేసేదీ అదే కదా! నాలుగు తీగలు, ఒక్కో వేలి మీటు, మళ్లీ మొదటికి. ఎల్‌ఎఫ్‌ఓ చేత్తో నాబ్ తిప్పే పని తప్పించింది. ఆర్పెజియేటర్ వేళ్లతో మీటే పని తప్పించింది. మనం మూడు మీటలు కలిపి పట్టుకుంటాం, అది వాటిని వరసగా వాయిస్తూ పోతుంది. 1978 నాటి రోలండ్ జూపిటర్-4లోనూ, 1982 నాటి జూనో-60లోనూ ఈ ఏర్పాటు బాగా పేరు తెచ్చుకుంది.

పాశ్చాత్యుల కార్డ్ మనవాళ్ల చెవికి అంత త్వరగా ఎక్కదు. మూడు స్వరాలు ఒక్కసారి పలికితే రాగం ఎటు నడుస్తోందో తెలియదు. ఆర్పెజియేటర్ ఆ గుంపుని విప్పి వరసలో నిలబెడుతుంది. అందుకే ఇది మన సంగీతానికి దగ్గరగా తోస్తుంది నాకు. ఒక ప్రయోగం చేశాం. స, రి, గ, ప, ద అయిదు మీటలూ ఒక చేత్తో పట్టుకోమన్నాను. మైక్రోకోర్గ్ ఒక్కసారి నాలుగు స్వరాలే పలకగలదు, కానీ ఆర్పెజియేటర్ ఒక్కొక్కటే పలికిస్తుంది కాబట్టి అయిదైనా ఇబ్బంది లేదు. 'అప్' అన్న పద్ధతి పెడితే స రి గ ప ద అని ఎక్కుతూనే ఉంది. 'ఆల్ట్1' పెట్టేసరికి ఎక్కి దిగింది. వంటింట్లోంచి వెంటనే మాట వచ్చింది: "మోహనం!"

స్వరాలు మెలికలు తిరిగే వక్ర రాగాల దగ్గర మాత్రం ఇది ఓడిపోతుంది. ఏ మీట ముందు నొక్కినా, శ్రుతి వరసలో పేర్చుకుని వాయించడమే దానికి తెలుసు. నొక్కిన వరసలోనే వాయించే పద్ధతి వేరే కొన్ని సింథసైజర్లలో ఉంది. కొనేవాళ్లు అది ఉందో లేదో చూసుకోవడం మంచిది.

మీటల లెక్క తెలిస్తే ఆర్పెజియేటర్ మన మాట వింటుంది. మూడు మీటలు 'అప్'లో పెడితే మూడు స్వరాల చుట్టు. 'ఆల్ట్1'లో రెండు చివర్లలోని స్వరాలూ ఒక్కోసారే పలుకుతాయి కాబట్టి స గ ప గ, నాలుగు స్వరాల చుట్టు. 'ఆల్ట్2'లో చివరివి రెండేసి సార్లు పలుకుతాయి, స గ ప ప గ స, ఆరు. అవే మూడు వేళ్లు, తిశ్రం నుంచి చతురశ్రానికి ఒక నాబ్ తిప్పితే వెళ్లిపోయాం. స్వరం పొడుగుని మార్చే గేట్ అనే నాబ్ ఉంది. తగ్గిస్తే చుక్కలు పెట్టినట్టు, పెంచితే గీత కలిపినట్టు. 1 నుంచి 8 దాకా అంకెలున్న బటన్లు వెలుగుతూ ఉంటాయి, ఏదైనా నొక్కి ఆర్పితే ఆ అడుగులో మౌనం. మా వాడు 1, 4, 7 ఉంచి మిగతావి ఆర్పేశాడు. మూడు, మూడు, రెండు అని కుంటుతూ నడిచే అందమైన నడక వచ్చింది.

రెండు వాద్యాలు ఒకే లయలో నడవాలంటే 1983లో వచ్చిన మిడి అనే ఉమ్మడి భాష ఉంది. పాశ్చాత్యుల కొలతలో ఒక దెబ్బకి మిడి గడియారం 24 టిక్కులు కొడుతుంది. 24నే ఎందుకు ఎంచుకున్నారో లెక్కలు వచ్చినవాడికి చెప్పక్కర్లేదు. రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది అన్నిటితోనూ శేషం లేకుండా భాగించొచ్చు. చతురశ్ర నడక, తిశ్ర నడక హాయిగా ఇముడుతాయి. అయిదుతో భాగిస్తే మాత్రం 4.8. ఖండ నడకకి టిక్కు మీద చోటు లేదు. మన మృదంగ విద్వాంసులెవరైనా ఆనాడు ఆ బల్ల దగ్గర కూచుని ఉంటే 120 టిక్కులు అడిగేవారని నా నమ్మకం.

ఆర్పెజియేటర్‌ని కూడా సైకిలు అట్టముక్కలా వేగం పెంచితే? 1982లో వచ్చిన కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో శబ్దం చేసే చిప్‌కి మూడే గొంతులు. ఆటలకి సంగీతం రాసేవాళ్లు కార్డ్ కోసం మూడు గొంతులూ ఖర్చు పెట్టలేక, ఒక్క గొంతులోనే మూడు స్వరాల్ని సెకనుకి 50 అడుగుల చొప్పున తిప్పారు. యూరప్ టీవీ తెర సెకనుకి 50 సార్లు మారేది, దానితోనే ఇదీ మారేది. చెవి ఆ స్వరాల్ని విడదీయలేక గలగలలాడే ఒకే కార్డ్‌గా వింది. పాత ఆటల పాటలకి ఉన్న ఆ ప్రత్యేకమైన రుచి ఇదే.

ఈ పరికరాలు మన దేశానికి ఆలస్యంగా రాలేదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మోగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలండ్ వారి జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 ముందు పెట్టుకుని పది రాగాలు రికార్డు చేశాడు. అందులో భూపాలి ఉంది, అంటే మన మోహనమే. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే దేశదేశాల వాళ్లు చెవులు రిక్కించి విన్నారు. స్వరాలు జారుతూ, వేగంగా చుట్లు తిరుగుతూ ఉంటాయి ఆ రికార్డులో. దొరికితే పిల్లలకి వినిపించండి.

మీ ఇంట్లో ఆర్పెజియేటర్ ఉన్న వాద్యం ఏదైనా ఉంటే, అది కొత్తదైనా పాతదైనా సరే, ఈ రాత్రికి ఒక పని చెయ్యండి. టెంపో 120 పెట్టి, దెబ్బకి నాలుగు స్వరాలు పడేలా 'అప్' పద్ధతిలో మూడు మీటలు పట్టుకోండి. పక్కన ఒకరు ఆది తాళం వెయ్యండి. ఆవర్తనానికి 32 స్వరాలు, మూడుతో తెగవు. మొదటి ఆవర్తనం చివర తప్పుతుంది, రెండో దాని చివరా తప్పుతుంది. చెయ్యి ఆపకండి. 96వ స్వరం దాటగానే, సరిగ్గా 12 సెకన్లకి, కింది స్వరమూ, తాళం మొదలయ్యే సమమూ ఒకేసారి పడతాయి. నాలుగు మీటలైతే ప్రతి ఆవర్తనానికీ కలుస్తాయి. అయిదు పట్టుకుంటే అయిదు ఆవర్తనాలు ఆగాలి.